ఇంటికి రాసిన ఉత్తరాలు

పుదుచ్చేరిలో మిషన్ వీధి అంటే ఇవాళ దుకాణాలు, వాహనాలు, సాయంత్రం వేళ సందులేని జనం. ఆ పేరులోని 'మిషన్' ఏమిటని ఆగి అడిగేవాడు కనబడడు. పేరు తెచ్చిపెట్టిన చర్చి మాత్రం ఆ వీధిలోనే ఉంది. గ్రంథాలలో అది నిష్కళంక మాత కెథీడ్రల్. ఊళ్ళోవాళ్ళకు సంబా కోవిల్. సెయింట్ పాల్ అన్న మాటే ఫ్రెంచి ఫాదరీల ఉచ్చారణలోంచి తమిళుల నోటికి జారి 'సంబా' అయిందని చెబుతారు. పరదేశం నుంచి వచ్చిన మతబోధకుడికి ఊరు చేసే మొదటి మర్యాద ఇదే కాబోలు. అతడు చెప్పినదానిని నమ్మినా నమ్మకపోయినా, అతని మాటను తన నోటికి తగినట్టు మలుచుకుంటుంది.

మిషనరీ అనగానే ఈనాటి ప్రపంచంలో చాలామందికి స్ఫురించే రూపం వేరు. తెల్లచొక్కా, మెడకు టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ళ. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా నడిచే కుర్రవాళ్ళు. వీరు అమెరికాలోని యూటా రాష్ట్రం కేంద్రంగా ఉన్న మోర్మన్ సంఘం పంపినవారు. ఆ సంఘం తనను ఆ పేరుతో కాక 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము' అనే పూర్తి పేరుతోనే పిలవమని 2018 నుంచి గట్టిగా కోరుతున్నది. యువకులు రెండేళ్ళు, యువతులు ఏడాదిన్నర ఈ సేవ చేస్తారు. 2012 నుంచి యువకులు పద్ధెనిమిదో ఏటనే బయలుదేరవచ్చు. జీతం లేదు; ఖర్చు ఇంటివారో, తాము కూడబెట్టుకున్న సొమ్మో భరించాలి. యువకులందరికీ ఒకటే బిరుదు: 'ఎల్డర్', అంటే పెద్ద. గడ్డమింకా సరిగా మొలవని పెద్ద!

ఈ పెద్దలలో చాలామంది స్పానిష్ మాట్లాడే జనం మధ్యకు వెళతారు. మెక్సికో కావచ్చు, పెరూ కావచ్చు, లాస్ ఏంజెలెస్ నగరంలోని ఒక పేట కావచ్చు. వారి వారానికి ఒక కట్టుదిట్టమైన నడక ఉంది. ఉదయం ఆరున్నరకు లేవాలి. గ్రంథపఠనం, భాషాపఠనం అయ్యాకనే వీధిలో అడుగు. జంటగా నియమించిన తోటివాణ్ణి విడిచి ఒంటరిగా ఎక్కడికీ పోరాదు. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి. వారంలో ఒకరోజు, సాధారణంగా సోమవారం, బట్టలుతుక్కోవడానికి, క్షవరానికి, సరుకులకు, ఇంటికి ఉత్తరం రాయడానికి విడుపు. ఆ సాయంత్రానికే మళ్ళీ పని మొదలు. 2019 ముందు వరకు ఇంటికి ఫోను చేయడమంటే ఏడాదికి రెండుసార్లే: క్రిస్మసుకు, మాతృదినానికి. అందువల్ల వారం వారం రాసే ఉత్తరమే ఆ కుర్రవాడికి ప్రాణాధారం. ఇప్పుడు వారానికోసారి మాట్లాడవచ్చు. తల్లులకు అది సంతోషమే, కాని ఉత్తరంలో పడే ఆలోచన ఫోనులో పడుతుందా అన్నది వేరే సంగతి.

వీళ్ళకు భాష నేర్పడానికి 1961లో యూటాలోని ప్రోవో పట్టణంలో ఒక శిక్షణాలయం మొదలైంది. మొట్టమొదట నేర్పినది స్పానిషే. కొన్ని వారాల శిక్షణతో ప్రార్థన వస్తుంది, పలకరింపు వస్తుంది. అసలు చదువు ఆ తర్వాత వంటింటి గడపల దగ్గర మొదలవుతుంది. స్పానిష్‌లో 'ఎంబరసాదా' అనే మాటను ఇంగ్లీషులోని 'ఎంబరాస్డ్' అనుకుని, సిగ్గుపడుతున్నానని చెప్పబోయి, కడుపుతో ఉన్నానని చెప్పి ఇంటిల్లిపాదినీ నవ్వించిన వాళ్ళ కథలకు లెక్కలేదు. అలా నవ్విన ఇల్లాలే మాట దిద్దుతుంది, పళ్ళెంలో ఇంకో రొట్టె వేస్తుంది. పాఠం చెప్పడానికి వచ్చినవాడు పాఠం అప్పజెప్పి పోతాడు.

ఇలా ఇంటికి ఉత్తరాలు రాసే మిషనరీలకు పూర్వీకులు పుదుచ్చేరిలో ఉన్నారు. పద్ధెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి జెసూయిట్ ఫాదరీలు ఇక్కడి నుంచి రాసిన ఉత్తరాలు ఓడలెక్కి, నెలల తరబడి ప్రయాణించి పారిస్ చేరేవి. తూర్పుదేశాల నుంచీ అమెరికా నుంచీ వచ్చిన ఇటువంటి లేఖలను 1702 నుంచి 1776 వరకు ముప్పైనాలుగు సంపుటాలుగా అచ్చువేశారు. యూరప్ చదువరులు వాటిని నవలల్లా చదివారు.

ఆ ఉత్తరాలు రాసినవారిలో తెలుగువారు తప్పక తెలుసుకోవలసిన ఒకాయన గాస్టన్ కేర్దూ. ఫ్రాన్సులోని బూర్జ్ పట్టణంలో 1691లో పుట్టి, 1732లో భారతదేశానికి వచ్చాడు. అప్పటికి నలభై ఏళ్ళు; అంటే ఆయన కుర్రవాడేమీ కాదు. నేటి మిషనరీకి రెండేళ్ళ గడువు, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఉన్నాయి. కేర్దూకు ఆ రెండూ లేవు. నలభై ఏడేళ్ళ తర్వాత పుదుచ్చేరిలోనే కన్నుమూశాడు.

పుదుచ్చేరి తమిళుల ఊరు కదా, తెలుగుతో పనేమిటని అనిపించవచ్చు. ఫ్రెంచి జెసూయిట్ల 'కర్ణాటక మిషన్' పేరుకే కర్ణాటకం. దాని కేంద్రం పుదుచ్చేరి, పని చాలావరకు వాయవ్యాన తెలుగు పల్లెలలో. పుంగనూరు, కృష్ణాపురం, ఇవతల చిక్కబళ్ళాపురం వంటి ఊళ్ళ పేర్లు వారి లేఖలలో ఫ్రెంచి యాసతో కనబడతాయి. ఆ మాటకొస్తే పుదుచ్చేరి పట్టణంలోనూ తెలుగుకు గౌరవం ఉండేది. ఫ్రెంచి గవర్నర్లకు దుబాసీగా ఉండి ప్రసిద్ధమైన దినచర్య రాసుకున్న ఆనందరంగ పిళ్ళై తమిళుడు. అయినా ఆయన పేరనే కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అనే తెలుగు లక్షణగ్రంథం రచించాడు. ఫ్రెంచి కోట నీడలో, తమిళ ప్రభువు ప్రాపకంలో తెలుగు ఛందస్సు!

పల్లెలలో ఆ ఫాదరీలు బతికిన తీరు మోర్మన్ కుర్రవాడి టైకి పూర్తిగా వ్యతిరేకం. కావిబట్ట కట్టారు. మద్యమాంసాలు మానారు. తాము ఫరంగీలం కామని, రోమాపురి సన్యాసులమని చెప్పుకున్నారు. 1606లో మదురైలో రాబర్ట్ డి నోబిలీ ప్రారంభించిన పద్ధతి అది. దాని వల్ల అగ్రవర్ణాల అరుగుల మీద చోటు దొరికింది, పండితుల మాట వినే వీలు కలిగింది. అందుకు చెల్లించిన వెల కూడా చిన్నది కాదు. సన్యాసి వేషం నిలవాలంటే కులభేదాన్నీ నిలపాలి. మాలమాదిగల గుడిసెలలోకి పోకుండా, జబ్బుపడిన వాళ్ళకు సైతం దూరం నుంచే కర్మకాండ జరిపే ఆచారం ఏర్పడింది. పోపు పంపిన ప్రతినిధి తూర్నోఁ 1704లో పుదుచ్చేరిలోనే కూర్చుని దీన్ని నిషేధించాడు. వివాదం నలభై ఏళ్ళు సాగింది. చివరకు 1744లో పోపు తుది ఆజ్ఞ వెలువడింది. సరిగ్గా ఆ ఏడే కేర్దూ కర్ణాటక మిషన్‌కు అధిపతి అయ్యాడు. ఎవరి గుమ్మం తొక్కాలి, ఎవరి గుమ్మం తొక్కరాదు అన్న ప్రశ్న ఆయన బల్లమీదికి వచ్చిపడింది. భాష నేర్చినంత మాత్రాన ఆ ప్రశ్న నుంచి తప్పించుకునే దారి లేదు. ఎవరి భాష నేర్చాడు, ఎవరి అరుగు మీద నేర్చాడు అన్నది మిగిలే ఉంటుంది.

కేర్దూ అరుగులకే పరిమితం కాలేదు. ఆయన చేసిన పనులలో మొదట పేరు తెచ్చినది మతానికి సంబంధించినది కాదు, అద్దకానికి సంబంధించినది. కోరమాండల్ తీరపు కలంకారీ గుడ్డలంటే యూరప్‌కు అప్పుడు వెర్రి. ఎంత ఉతికినా చెరగని ఆ రంగుల రహస్యం అక్కడివారికి అంతుపట్టలేదు. ఫ్రాన్సులోనైతే తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి 1686 నుంచి 1759 వరకు ఈ గుడ్డలను, వాటి అనుకరణలను నిషేధించారు కూడా. 1742లో కేర్దూ పారిస్‌కు రాసిన లేఖలో ఆ పనినంతటినీ పూసగుచ్చినట్టు వివరించాడు. కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి గుడ్డకు పట్టించడం, ఎండబెట్టడం, పటిక, చిరివేరుతో ఎరుపు తేలడం, ఒక్కొక్క దశలో ఉతుకు ఎట్లా ఉండాలో, అన్నీ. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డమీద పాకిపోకుండా గీసిన గీతలోనే నిలుస్తుంది. కరక్కాయలోని వగరు రంగును నూలుకు పట్టి ఉంచుతుంది. కాళహస్తి పనివాళ్ళకు ఇది ఇవాళ్టికీ నిత్యకృత్యమే.

ఈ సంగతులు ఆయనకు ఎవరు చెప్పారు? క్రైస్తవం పుచ్చుకున్న అద్దకపువాళ్ళు. వారిని విడివిడిగా ప్రశ్నించి, ఒకరి మాటను మరొకరి మాటతో సరిచూసుకున్నాడు. తన ఆత్మను నమ్మి అప్పగించినవాడు తన చేతివృత్తిని దాచుకుంటాడా? ఆ పనివాళ్ళ పొట్టకూటి విద్య ఒక ఉత్తరంలో మడతపెట్టి సముద్రం దాటింది. లేఖలో వాళ్ళు కొత్త క్రైస్తవులు మాత్రమే. కేర్దూను దొంగ అనడం అన్యాయం. ఆయన సొంతానికి ఆశించినదేమీ లేదు. తెలిసినది పంచడం పుణ్యమనే భావించి ఉంటాడు. కాని ఇచ్చినవారి వైపు నుంచి చూసినప్పుడు లెక్క ఇంకోలా తేలుతుంది.

రెండో కానుక మాటలు. 1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లీషువారికి లొంగిపోయింది. కోట, భవనాలు, జెసూయిట్ల చర్చి నేలమట్టమయ్యాయి. సంధి ప్రకారం ఫ్రెంచివారికి తిరిగి దక్కిన ఊరు మళ్ళీ ఇటుక మీద ఇటుక పేర్చుకుంటున్న రోజులవి. 1764లో ఫ్రాన్సు రాజు జెసూయిట్ సంఘాన్నే తన దేశంలో రద్దు చేశాడు. పంపిన సంస్థ స్వదేశంలో లేదు, కట్టుకున్న గుడి ఊళ్ళో లేదు. ఆ స్థితిలో డెబ్బై అయిదేళ్ళ వృద్ధుడు 1767లో పారిస్ పండిత పరిషత్తుకు ఒక ప్రశ్న రాసి పంపాడు. సంస్కృతంలో ఇన్ని మాటలు లాటిన్‌తో, గ్రీకుతో ఎందుకు కలుస్తున్నాయి?

దేవ, లాటిన్‌లో దేఉస్. దానం, దోనుం. విధవ, విదువా. తెలుగు వీధిలో అడుగడుగునా వినబడే మాటలివి. వాటిని వినడానికి వేదపాఠశాలకు పోనక్కరలేదు. వ్యాపారం వల్ల కలిశాయా? అయితే సరుకుల పేర్లు కలవాలి గాని అంకెలు, సర్వనామాలు, 'అస్మి, అసి, అస్తి' వంటి క్రియారూపాలు ఎందుకు కలవాలి? పొరుగు సంబంధమా, దండయాత్రా, విద్యావ్యాప్తా? ఒక్కొక్కదాన్ని తీసి పక్కన పెట్టి, ఈ భాషలకు మూలం ఒకటేనని తేల్చాడు. కారణం కోసం బైబిలులోని యాపెతు సంతతి దాకా పోయాడు. అది ఆ కాలపు విశ్వాసం. పద్ధతి మాత్రం మన కాలానిది. కలకత్తాలో సర్ విలియం జోన్స్ ఇదే సంగతి ప్రకటించి లోకప్రసిద్ధుడైనది 1786లో. కేర్దూ వ్యాసం పారిస్‌లో అచ్చయినది 1808లో, ఆయన పోయిన ఇరవై తొమ్మిదేళ్ళకు. తెలుగు క్రియలు, సర్వనామాలు సంస్కృతంతో కలవవనీ, తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమనీ మద్రాసులో ఎల్లిస్ దొర నిరూపించడానికి మరి ఎనిమిదేళ్ళు పట్టింది.

మోర్మన్లు కూడా ఈ తీరానికి కొత్తవారు కారు. రిచర్డ్ బాలంటైన్ అనే ఎల్డర్ 1853లో ఇద్దరు సహచరులతో మద్రాసులో దిగాడు. వాళ్ళ భాష ఇంగ్లీషు. విన్నవాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషు సిపాయిలు, ఉద్యోగులు. ఒక పత్రిక కూడా నడిపారు. ఏడాది తిరిగేసరికి బాలంటైన్ ఓడెక్కాడు. తమిళ తెలుగు జనం దాదాపు ఆ మాట వినకుండానే వాళ్ళు వచ్చారు, పోయారు. ఆ సంఘానికి తెలుగునేల మీద పాదు కుదిరినది నూట పాతికేళ్ళ తర్వాత. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఆ మతంలో చేరిన ఒక తెలుగు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి సొంత బంధువులకే బోధించారు. మోర్మన్ గ్రంథంలోని భాగాలు 1982లో తెలుగులో వెలువడ్డాయి. అనువదించినది ఆ ఇల్లాలి తండ్రి. భారతదేశంలో ఆ సంఘపు మొదటి 'స్టేక్', అనగా మండలం, 2012లో ఏర్పడినది హైదరాబాదులోనే. ప్రోవో శిక్షణాలయం నేర్పలేని తెలుగు ఒక మామగారి నోట ఉంది మరి.

అనువాదంలో ఒక చిక్కు మాత్రం ఈ మిషనరీలందరికీ తగులుతుంది. దేవుణ్ణి ఏమని పిలవాలి? కేర్దూ కాలపు ఫ్రెంచి కాథలిక్కులు ప్రార్థనలో దేవుణ్ణి 'మీరు' అనేవారు; 1966 దాకా అలాగే అన్నారు. స్పానిష్‌వారు 'నువ్వు' అంటారు. పొరుగింటాయనను మీరు అనే తెలుగువాడు రాముణ్ణి నీవు అంటాడు, కోపం వస్తే తిడతాడు కూడా. పుట్టుకనుంచి దేవుణ్ణి మన్నించి మాట్లాడినవాడు తెలుగులో మొదటిసారి 'నీవు' అన్నప్పుడు ఆ గొంతులో ఏదో సడలి ఉండాలి.

1773లో పోపు జెసూయిట్ సంఘాన్ని లోకమంతటా రద్దు చేశాడు. 1779 జూన్‌లో కేర్దూ మరణించాడు. భారతీయుల ఆచార వ్యవహారాల మీద ఆయన రాసిపెట్టుకున్న పెద్ద గ్రంథం ఆయన పేరున అచ్చు కాలేదు. 1816లో లండన్‌లో వెలువడి, నూరేళ్ళకు పైగా మన గురించి ప్రామాణికంగా చెల్లిన ఆబే దుబోయ్ పుస్తకం చాలావరకు ఆ రాతప్రతి మీదనే ఆధారపడిందని ఫ్రెంచి పరిశోధకురాలు సిల్వియా మూర్ 1987లో ఆధారాలతో చూపింది. రెండు వందల ఏళ్ళకైనా కేర్దూ సొత్తు కేర్దూకు చేరింది.

ఆయన కూర్చినదిగా చెప్పే తెలుగు, సంస్కృత, ఫ్రెంచి నిఘంటువు కూడా ఉంది. అందులోని ప్రతి తెలుగు మాటా ముందు ఎవరో ఒకరు పలికినదే. అది ఒకసారి అర్థం కాక ఆయన మళ్ళీ అడిగి ఉంటాడు. వాళ్ళు ఓపికగా, కొంచెం నవ్వుకుంటూ, ఇంకోసారి చెప్పి ఉంటారు.