టేక్మాల్: ఈతవనాల సీమ

సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీద బొడ్మట్‌పల్లి చౌరస్తా దగ్గర మెదక్ వైపు మళ్లితే టేక్మాల్ వస్తుంది. మెదక్ నుంచి బయల్దేరినవాళ్లు పాపన్నపేట మీదుగా పడమటికి రావాలి. పేరుకు మండల కేంద్రం, తీరుకు పెద్ద పల్లె. చుట్టూ ఎర్రటి చెల్కలు, నడుమ నడుమ నల్లరేగడి. చెల్కల్లో మక్క, పెసర, కంది, రేగడిలో పత్తి, చెరువు కింద వరి. వాగు ఒడ్డున, చేను గట్టున, చెరువు కట్ట దిగువన, ఎవరూ నాటకుండానే మొలిచి ఎవరూ నీళ్లు పోయకుండానే నిలిచే ఈతచెట్లు.

ఈ దిక్కు గురించి రాసేవాళ్లు మెదక్ చర్చితో మొదలుపెట్టి ఏడుపాయలతో ముగిస్తారు. రెండూ చూడాల్సినవే. కానీ ఇక్కడికి దగ్గరి పల్లెలో పుట్టి పెరిగినవాడిగా నేను ఈతచెట్టు దగ్గరే ఆగిపోతాను. ఈ నేల రుచి ఏమిటని ఎవరైనా అడిగితే పొద్దు పొడవకముందు దించిన ఈతకల్లే నా జవాబు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కాకతీయుల తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీలు ఏలారు. నిజాం కాలంలో మెదక్‌కు గుల్షనాబాద్ అనే పేరు కూడా ఉండేది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. సంగారెడ్డి కేంద్రంగా ఉన్న పాత మెదక్ జిల్లా 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలైంది. టేక్మాల్ మెదక్ జిల్లాలో ఉండిపోయింది గానీ ఓటు మాత్రం అందోలు నియోజకవర్గానికి వేస్తుంది. అందుకే ఇక్కడివాళ్లకు ఆఫీసు పని మెదక్‌లో, రాజకీయం జోగిపేటలో.

చెట్టు

తాడు, ఈత రెండూ కల్లు చెట్లే అయినా వాటి తత్వాలు వేరు. తాడు చేతికి రావాలంటే పదిహేనేండ్లయినా ఆగాలి. తాత నాటితే మనవడు గీస్తాడనేది అందుకే. ఈత ఆరేడేండ్లకే గీతకు వస్తుంది. తాటిచెట్టుకు కల్లు గెలలోంచి వస్తుంది. ఈతచెట్టుకు కాండంలోంచి, మొవ్వుకు కాస్త కింద. తాటిలో మగచెట్టు పోద్దాడు, ఆడచెట్టు పండుతాడు. పోద్దాటి కల్లు ముందు మొదలవుతుంది, పండుతాటి కల్లు ఎండాకాలానిది. ఈతకు అసలైన కాలం చలికాలం. చలి ముదిరినకొద్దీ కల్లు పలుచగా, తేటగా, తియ్యగా పారుతుంది. ఎండలు ముదిరితే రాత్రికి రాత్రే లొట్టిలో పులిసిపోతుంది.

ఈత ఎక్కడ బాగా వస్తుందో ఈ పల్లెల్లో చిన్న పిల్లలు కూడా చెప్తారు. వాగు ఇసుక, కింద తేమ, పైన ఎండ. ఎండాకాలంలో కాయలు పసుపు తిరిగి, తర్వాత ముదురు రంగుకు పండుతాయి. పండంతా గింజే, పైన పొరంత గుజ్జు. పక్షులు తిని పడేసిన గింజలు గట్ల వెంట మొలుస్తాయి. మట్టల చివర్లకు గిజిగాళ్లు గూళ్లు కడతాయి. ఈత ఆకుతో చాపలు, చీపుర్లు. ఈత బరిగెలతో ఎరుకలవాళ్లు అల్లే గంపలు, బుట్టలు. చెట్టులో పారేయడానికి ఏమీ ఉండదు.

గీసిన ఈతచెట్టును దగ్గరగా చూడండి. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు దానికి ఎదురు పక్కన, కొంచెం పైన గీస్తారు. చెట్టు ఎదిగినకొద్దీ ఆ గాట్లు అటొకటి ఇటొకటిగా కాండం పొడవునా నిలిచిపోతాయి. వాటిని లెక్కబెడితే ఆ చెట్టు ఎన్నేండ్లు కల్లు ఇచ్చిందో తెలుస్తుంది. ఏ ఏడాది గాటు మరీ లోతుగా పోయిందో, ఏ ఏడాది చెట్టును వదిలేశారో కూడా తెలుస్తుంది.

గీత

కార్తీకం దరిదాపుల్లో పని మొదలవుతుంది. ముందు ఒక పక్క మట్టలు కొట్టి, ముండ్లు చెక్కి, మొవ్వు కింద తెల్లటి మెత్తని చోటు తేలేదాకా నున్నగా చేస్తారు. దాన్ని కొన్నాళ్లు ఎండనిస్తారు. ఆ తర్వాతే గాటు. గాటు కింద చిన్న పుల్ల గుచ్చి, దాని వెంట చుక్కలు లొట్టిలోకి జారేట్టు కడతారు. మాపటికి గీసి లొట్టి కట్టడం, తెల్లారకముందే దించడం. రోజూ గీయకూడదు. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు చెట్టును ఆరనియ్యాలి. ఆరిన తర్వాత మొదటి రాత్రి పారిన కల్లు అన్నిటికంటే మేలైనది. ఆ లొట్టి సాధారణంగా అమ్మకానికి రాదు, ఇంటికో దేవునికో పోతుంది.

మా పక్క ఊరి గౌండ్ల కాక ఒకాయన గీస్తుంటే కింద నిలబడి చూసేవాడిని. నడుముకు ముస్తాదు, భుజాన మోకు, వెనక పొదిలో కత్తులు. ఎక్కేముందు కర్ర పలక మీద పలుగురాతి పొడి చల్లి కత్తిని నూరేవాడు. నూరి, బొటనవేలి గోటి మీద ఆనించి చూసేవాడు. కత్తి గోటి మీద జారితే మళ్లీ నూరుడే. చెట్టు మీద ఆయన చెయ్యి చేసే పని చాలా చిన్నది: గాటు మీద పైనుంచి కిందికి ఒకే ఒక్క లాగు. పల్చటి పొర ఒకటి చుట్టుకుంటూ కింద రాలేది. దాన్ని తీసి వెలుతురుకు పెడితే అవతల వేళ్లు కనిపించేవి.

"ఎంత తియ్యాలె కాకా?" అని అడిగాను.

"ఉల్లిపొరంత తియ్యాలె బిడ్డా. మందం తీస్తె ఇయ్యాల రెండు సీసాలు ఎక్కువొస్తయి, వచ్చే ఏడు చెట్టు ఉండది. తియ్యకుంటె గాటు మూసుకుంటది."

ఈ వృత్తి సారమంతా ఆ మాటలోనే ఉందని నా నమ్మకం. ఈతచెట్టు ప్రాణం మొవ్వులో ఉంటుంది. ఒకే మొవ్వు, అది దెబ్బతింటే పక్కనుంచి ఇంకో కొమ్మ రాదు, చెట్టు పోయినట్టే. గీసేది ఆ మొవ్వుకు బెత్తెడు దూరంలో. ప్రాణానికి అంత దగ్గరగా కత్తి పెట్టి, చెట్టును చంపకుండా పదిహేను, ఇరవై ఏండ్లు గీయడం మాటలు కాదు. ఏ కాలేజీలోనూ చెప్పని వృక్షశాస్త్రం అది.

పొద్దు, మాపు

చెట్టులోంచి వచ్చేటప్పుడు అది కల్లు కాదు, తియ్యటి నీరు. నూటికి పది పాళ్లకు అటూ ఇటూ చక్కెర ఉంటుంది. గాలిలో, గాటు మీద, పాత లొట్టి గోడల్లో ఉన్న ఈస్టు, దానితోపాటు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా మొదటి చుక్క నుంచే పని మొదలుపెడతాయి. చక్కెర ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. నురుగు ఆ వాయువు వల్లే. కొన్ని గంటల్లో ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది. వెంట వెంటనే ఆమ్లాలు పెరుగుతాయి. మర్నాటికి అది పులిసి సిర్కా దారి పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ మార్పు ఆగుతుంది, అప్పుడది నీరా. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచినప్పటి నుంచి పట్నంవాళ్లకూ ఆ పేరు తెలిసింది.

అందువల్ల ఈతకల్లు రుచి ఇదీ అని ఒక్క మాటలో చెప్పలేం. ఏ గంటకు తాగారన్నది ముఖ్యం. అయిదింటికి దించిన దానిలో తీపి ముందుంటుంది, నాలుక చివర సన్నటి చిరచిర. ఈత మొవ్వు వాసన ఇంకా పోదు. ఎనిమిదింటికి తీపి, పులుపు సమానంగా ఉంటాయి. నా లెక్కలో ఇదే మంచి గంట. పన్నెండు దాటితే పులుపు గెలుస్తుంది. కాయకష్టం చేసే పెద్దవాళ్లు దాన్నే కోరుకుంటారు. ఆకు దొప్పలో తాగితే ఒక రుచి, గాజు సీసాలో తాగితే ఇంకో రుచి. దొప్పలో నురుగు విరిగి వాసన పైకి లేస్తుంది. తాటికల్లు దీనికంటే చిక్కన, వాసన ఘాటు, కడుపు నిండినట్టుంటుంది.

చెట్టుకల్లు మత్తు మెల్లగా వస్తుంది. ముందు ఒళ్లు తేలికవుతుంది, మాట పెరుగుతుంది, తర్వాత నిద్ర వస్తుంది. "మంచి కల్లు నెత్తికెక్కది, కాళ్లల్లకు దిగుతది" అనేవాడు కాక. ఆల్కహాలు ఆల్కహాలే, రోజూ మితి మీరితే ఏ చెట్టుదైనా కాలేయాన్ని వదలదు. ఆ మాటా ఆయనే చెప్పేవాడు, ఇంట్లో చూసిన చావులతో.

మందుకల్లు

ఈ ప్రాంతం గురించి ప్రేమగా రాసేవాళ్లు దాచకూడని సంగతి ఒకటుంది. బాగా పారే ఈతచెట్టు కూడా రాత్రికి కొన్ని లీటర్లకు మించి ఇవ్వదు. వాగులు ఎండి, గట్లు చదునై, ఇసుక తవ్వకాలకు ఒడ్లు కోసుకుపోయి చెట్లు తగ్గాయి. దుకాణాల్లో సీసాలు మాత్రం తగ్గలేదు. చెట్లను లెక్కపెట్టి, సీసాలను లెక్కపెడితే ఆ తేడా ఎక్కడిదో తెలిసిపోతుంది. నీళ్లు, శాక్రిన్, క్లోరల్ హైడ్రేటు, డైజోఫామ్, అల్ప్రాజోలం.

వీటిలో చివరి మూడూ మత్తుమందులు. మెదడు పరుగును అణిచే గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. రోజూ అదే అందితే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఒక్కసారి ఆపితే అణిచేది లేక చెయ్యి వణుకుతుంది, నిద్ర పట్టదు, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ శాఖ కల్తీ మీద దాడులు పెంచినప్పుడు మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగింది ఇదే. నాలుకలు కరుచుకుని, మనుషులను గుర్తుపట్టలేక కూలినాలి చేసుకునేవాళ్లు ఆసుపత్రుల్లో బారులు తీరారు. అది చెట్టు కల్లు ఆగినందుకు వచ్చిన జబ్బు కాదు. వాళ్లకు తెలియకుండా ఏండ్ల తరబడి తాగించిన మందుల జబ్బు. పదేండ్ల తర్వాత, 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మళ్లీ ప్రాణాలు తీసింది.

ఎలా గుర్తుపట్టాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పొద్దుగాల ఉన్న రుచే మాపటికీ ఉంటే అది చెట్టుది కాదు. అసలు కల్లు గంట గంటకూ మారుతుంది. నిలవ ఉండదు, దూరం పోదు. ఏ నెలలోనైనా, ఏ పూటైనా ఒకే తీపి, ఒకే తెలుపు, ఒకే మత్తు ఇచ్చే సీసాను ముట్టవద్దు. ఈ నేరాన్ని గీత కులం మొత్తానికి అంటగట్టడం నాకు మింగుడు పడదు. తెల్లవారుజామున ముండ్ల మధ్య చెయ్యి పెట్టేవాడు వేరు, డ్రమ్ములో పొడి కలిపేవాడు వేరు.

నిజాం కాలంలో ఆబ్కారీ సంస్థాన ఖజానాకు పెద్ద ఆదాయం. చెట్టు సర్కారుది, గుత్త గుత్తేదారుది, ఎక్కే ప్రాణం గీతకార్మికుడిది. చెట్టుకింత అని పన్ను. తర్వాత సహకార సంఘాలు వచ్చాయి. సంఘంలో చేరకుండా తన చెట్టు తానే గీసుకునే లైసెన్సులూ వచ్చాయి. హరితహారంలో ఈత, తాటి మొక్కలు నాటారు. చెట్టు మీది నుంచి పడి నడుములు విరిగినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు గనుక 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి లష్కర్‌గూడలో మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్లు నాకు అన్నిటికంటే పనికొచ్చేవిగా తోచాయి. పడిపోకుండా పట్టే తాళ్లు, పట్టీలు అవి. వాటిని గౌడన్నలందరికీ అందించాలి.

కాటమయ్య గీతకార్మికుల దేవుడు. ఎల్లమ్మ ఇంటి దేవత. బోనాల నాడు ఎల్లమ్మకు, పోచమ్మకు కల్లు సాక పోయకుండా పూజ పూర్తికాదు. పెండ్లికీ, దినాలకూ కల్లు రావాల్సిందే. 1708లో వరంగల్ కోటను కొట్టిన సర్వాయి పాపన్న ఈ కులంవాడే. ఆయన ఊరు ఇక్కడికి దూరమే అయినా గౌండ్ల ఇండ్లలో ఆయన బొమ్మ కనబడుతుంది.

చుట్టుపక్కల

ఏడుపాయల పాపన్నపేట మండలంలోని నాగసానిపల్లి దగ్గర. మంజీరా ఏడు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట బండల మధ్య వనదుర్గా భవాని గుడి. ఎగువన 29.9 టీఎంసీల సింగూరు నిండి గేట్లెత్తితే గుడి ముందు నీళ్లు పారుతాయి. శివరాత్రికి జాతర. అక్కడికి దగ్గర్లోనే ఘనపురం ఆనకట్ట.

మెదక్ చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కాలంలో జనానికి పని కల్పిస్తూ కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. రంగు అద్దాల కిటికీల్లోంచి వెలుతురు పడే వేళకు వెళ్లాలి. అభయారణ్యం చూడాలనుకుంటే పోచారం ఉంది.

తినడానికి జొన్నరొట్టె, మంజీరా చేపల పులుసు, కల్లు వెంట గుడాలు. గుడాల్లో శనిగలకంటే బొబ్బర్లు మేలు.

వసతి మెదక్‌లోనో జోగిపేటలోనో చూసుకోవాలి. ఈతకల్లు కోసం వచ్చేవాళ్లు నవంబరు, ఫిబ్రవరి మధ్య రావాలి. ముందు రోజే గీసే మనిషిని అడిగి పెట్టుకుని, తెల్లవారుజామున చెట్టు దగ్గరికే వెళ్లాలి. తాటికల్లయితే ఏప్రిల్.