గుంట లేని ఇల్లు

గద్వాల చీర మీద పండుగ సంచికకు రాయమని సంపాదకుడు పంపారు. ఎవరెవరిని కలవాలో ఒక జాబితా కూడా చేతిలో పెట్టారు. రాజోలిలో దిగాక ఆ జాబితా సంచిలోంచి బయటికి తీయలేదు. పాత ఊళ్లో, ఏటి దిక్కు దిగే సందులో ఒక ఇంట్లోంచి నాడె చప్పుడు వినబడింది. తొంగి చూశాను. మళ్లీ సాయంత్రం దాకా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు.

నేస్తున్నాయనకు అరవై దాటి ఉంటాయి. కాళ్లు గుంటలో, నడుము నేల మట్టానికి, చేతులు పడుగు మీద. "కూసోండి సారూ, ఈ అంచు కాడ విడిస్తే మళ్ల దొరకదు" అన్నాడు తల ఎత్తకుండానే.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట కుట్టు ఉండదు. నూలు పేక అంచు దాకా వెళ్లి, అటునుంచి వచ్చిన పట్టు పేకను మెలిక వేసుకుని వెనక్కి తిరుగుతుంది. దీన్నే కుప్పడం అంటారు. మూడు నాడెలు కావాలి: ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు. పోగు పోగుకూ ఆ మెలిక సరిగ్గా పడాలి. ఒక్కటి తప్పితే చీర ఆరేసిన నాడు అక్కడ సందు కనబడుతుంది. ఆయన కుడి బొటనవేలి గోరు మీద సన్నటి గాడి ఉంది. పట్టుపోగును గోటితో లాగి లాగి పడిన గాడి. కళ్లు మసకబారినా ఆ గోటికి మెలిక తెలిసిపోతుందని చెప్పాడు. చూస్తుంటే నాకు నమ్మకం కుదిరింది. ఆయన చూపు సగంసేపు కిటికీ మీదే ఉంది, అయినా అంచు గీత గీసినట్టు దిగుతోంది.

"వరద తర్వాత కట్టిచ్చిన కాలనీలో ఇల్లు లేదా?" అని అడిగాను. అక్కడి నుంచే అసలు సంగతి మొదలైంది.

"ఉంది సారూ. లేదనను. మంచి ఇల్లే. కానీ అది పండుకునే ఇల్లు. నేను నేసేటోన్ని."

2009 అక్టోబరు 2. నడిగడ్డలో ఆ తేదీ చెబితే చాలు, ఏడాది చెప్పనక్కర్లేదు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఈ నేలను నడిగడ్డ అంటారు. ఆ ఏడు వానలు మొహం చాటేసి, కరువు తప్పదనుకుంటున్న వేళ రెండు నదులూ ఒక్కసారే పొంగాయి. మంత్రాలయం మునిగింది, కర్నూలు నగరం మునిగింది, అలంపురం ఆలయాల్లోకి నీళ్లొచ్చాయి. 885 అడుగులు నిండు మట్టమైన శ్రీశైలం జలాశయం 896 అడుగులకు లేచింది. సుంకేసుల బ్యారేజీ పక్కనే, తుంగభద్ర గట్టునే ఉన్న రాజోలిలో ఇళ్లు కూలాయి, మగ్గాలు పోయాయి.

"ఏరు సందులోకొచ్చుడు మాకు కొత్త గాదు. వస్తది, పోతది అనుకుంటిమి. పడుగు కోసుకుందామా, పిల్లల్ని ఎత్తుకుందామా అని చూసే లోపలే నడుము దాక ఎక్కె. పిల్లల్ని ఎత్తుకుంటిమి."

నీళ్లు తీశాక వచ్చి చూస్తే గుంట నిండా బురద. దాన్ని తోడడానికి పట్టిన కాలం గురించి ఆయన పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడింది అట్టల గురించి. జకార్డు పెట్టె మీద గొలుసులా వేలాడే చిల్లుల అట్టలు చీర డిజైన్‌ను దాచిపెట్టే పుస్తకం. ఏ పోగు లేవాలో, ఏది పడుకోవాలో ఆ చిల్లులే చెబుతాయి. తండ్రి కాలం నుంచి వాడుతున్న కోటకొమ్మ అంచు అట్టలు నానిపోయి ముద్దయ్యాయి. చేత్తో ఎత్తబోతే విడిపోయాయి. జరీ నల్లబడింది. పట్టు రంగు దిగి నూలుకు అంటుకుంది. అందులో చాలాభాగం సాహుకారు పెట్టిన సరుకు. సరుకు ఏట్లో పోయినా బాకీ మాత్రం పద్దులో ఉండిపోయింది. మజూరిలో ఏళ్ల తరబడి కోతపడి తీరింది.

గుంట ఎందుకు కావాలో నేనే అడిగి చెప్పించుకున్నాను. గుంట అంటే కాళ్లు పెట్టుకునే గొయ్యి ఒక్కటే కాదు. మట్టి నేలలోంచి వచ్చే చెమ్మ పడుగును మెత్తగా ఉంచుతుంది. ఎండాకాలంలో నూలు పోగు పెళుసెక్కి తెగకుండా ఆ చెమ్మే కాపాడుతుంది. కాలనీ ఇల్లు సిమెంటు గచ్చు. తొలి ఏడాది గడ్డపారతో ఆ గచ్చు పగలగొట్టాలని చూశాడట. ఉన్నదే ఒకటిన్నర గది, అందులో మగ్గం దింపితే మంచం పట్టదు, మంచం వేస్తే మగ్గం పట్టదు. ఇనుప స్టాండు మగ్గం పెట్టుకోమన్నారు కొందరు. పెట్టి చూశాడు, పైకప్పు వేడికి పడుగు తెగిపోతూనే ఉంది. అతకడానికి పట్టే పొద్దే నేతకు పట్టే పొద్దును మించిపోయింది.

మగ్గం ఒంటరిగా బతకదు. ఈ మాట ఎవరూ పట్టించుకోలేదని ఆయన బాధ. పాత సందులో కండెలు చుట్టే ముసలమ్మ ఎదురింట్లో ఉండేది. పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు, వేల పోగులు, ఒక్కొక్కటిగా మెలివేసి అతికే మనిషి మూడో ఇంట్లో ఉండేవాడు. పడుగుకు గంజి పెట్టి సాపు చేయాలంటే తెల్లవారుజామున సందు పొడుగునా చాపేవారు. పక్కింటివాళ్లు కూడా లేచి ఓ చెయ్యి వేసేవారు. కాలనీకి పోయేసరికి అన్న ఇల్లు ఒక వరుసలో, తమ్ముడి ఇల్లు ఇంకో వరుసలో పడింది. అతుకు వేసే మనిషి కర్నూలుకు పోయి సెక్యూరిటీ పనిలో కుదిరాడు. కండెలు చుట్టే ముసలమ్మ చనిపోయింది. సాపు చేసే వీధిలో మోటారు సైకిళ్లు తిరుగుతాయి.

అందుకే ఆయన పగలు పాత ఊళ్లో నేస్తాడు, రాత్రికి కాలనీకి పోతాడు. ఎప్పుడు కూలుతుందో తెలియని గోడల మధ్య మగ్గం, గట్టి గోడల మధ్య పక్క.

ఇలాంటివాళ్ల గురించి ఒక కార్యాలయంలో విన్న మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. "ఇల్లు కట్టిచ్చినా మళ్లీ ఏటి ఒడ్డుకే పోతారు, వీళ్లకు ప్రాణం మీద భయం లేదు." ప్రాణం మీద భయం లేనివాళ్లెవరూ లేరు. తిండి పోతుందన్న భయం కూడా ఉంటుంది, అంతే. ఆ రెండో భయాన్ని లెక్కలోకి తీసుకోకుండా కట్టిన ఊరు ఎంత ఎత్తున ఉన్నా సగం ఊరే అవుతుంది. మనిషిని కాపాడాలంటే ఆ మనిషి చేసే పనిని కూడా ఎత్తుకుని తీసుకుపోవాలి. ఇది కనికరంతో చేసే పని కాదు, బాధ్యత.

ప్రభుత్వ లెక్కల్లో ఈ పనికి చోటే లేదనను. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో చేతివృత్తులవారి పద్దు ఒకటి ఉంది. 2015లో సవరించిన ధరల ప్రకారం పాడైన పనిముట్లకు మనిషికి 4,100 రూపాయలు, పోయిన ముడిసరుకుకూ సగం నేసిన సరుకుకూ మరో 4,100 ఉండేది. జకార్డు పెట్టె ఒక్కదానికే ఆ డబ్బు ఆనేది కాదు. ప్రాజెక్టు కింద ఊరు పోతే ఏమేం ఇవ్వాలో 2013 భూసేకరణ చట్టం రోడ్డు నుంచి తాగునీటి దాకా వివరంగా రాసింది. వరదకు ఊరు పోతే ఆ చట్టం వర్తించదు. అప్పుడు మిగిలేది సహాయమే తప్ప హక్కు కాదు. ఏటి ఒడ్డున ఉండటం వాళ్ల తప్పన్నట్టే మన చట్టాలు ఆగిపోయాయి.

ఊరు మునిగిన మరుసటి ఏడే, 2010లో, గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుతో ఇంకెవరూ చీర అమ్మకూడదు. అది న్యాయం, నేను సంతోషిస్తున్నాను. అయితే ఆ చీరను ఎక్కడ కూర్చుని నేయాలన్న ప్రశ్న అదే ఏడు ఎవరైనా అడిగి ఉండాల్సింది.

మనకు తరలించడం చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. రాజోలికి దగ్గర్లోనే అలంపురం ఉంది. శ్రీశైలం నీళ్లు కమ్ముకొస్తాయని తెలిశాక కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, ప్రతి రాయికీ గుర్తు వేసి, అలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. నాగర్‌కర్నూల్ జిల్లా వైపు జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్ని, సోమశిల ఆలయాన్ని కూడా అలాగే ఎత్తు మీదికి చేర్చారు. ఏ స్తంభం పక్కన ఏ స్తంభం ఉండేదో ఆ క్రమంలోనే పెట్టారు. చేతులెత్తి మొక్కాల్సిన పనితనం అది. ఆ శ్రద్ధలో పదో వంతు మనుషుల మీద పెట్టి ఉంటే? 1981లో అదే ప్రాజెక్టు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు లక్షమందిని ఖాళీ చేయించారు. మాట వినని ఊళ్లలో ఇళ్లు కూలగొట్టించారు. ఇంటికో ఉద్యోగం ఇస్తామని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని కొల్లాపూర్, వనపర్తి దిక్కుల ముంపు గ్రామాల కుటుంబాలు ఏళ్ల తరబడి ధర్నాలు చేశాయి. తండ్రి పేరున వచ్చిన హక్కు కోసం కొడుకు కూర్చున్నాడు, ఆ కొడుక్కీ ఉద్యోగ వయసు దాటిపోయింది. స్తంభం పక్కన స్తంభం ఎవరో రాసుకున్నారు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉండేదో మాత్రం ఎవరూ రాసుకోలేదు.

మధ్యాహ్నం ఆయన భార్య కాలనీ నుంచి జొన్నరొట్టె, పప్పు తెచ్చింది. నాకూ పెట్టింది. అంతసేపూ ఆయన మాట విని, పాత ఊరే న్యాయం అన్నంత దూరం వెళ్లిపోయిన నన్ను ఆమె ఆపింది.

"ఈయనకేం సారూ, మగ్గం మీద గూసుంటే లోకం తెల్వదు. వానకాలమొస్తే నాకు కన్ను మూతపడదు. సుంకేసుల గేట్లెత్తిన్రని ఎవరన్న అంటే చాలు, కాళ్లల్ల వణుకొస్తది. ఈయన నేసొచ్చేదాంక ఇంటి ముందర నిలబడుకుని చూస్తుంట. ఈ చీరలు నేయకుంటే సావమా? కూలికి పోమా?"

"పోతివి గదా కూలికి" అన్నాడు ఆయన, నాడె ఆపి. కోపంగా కాదు.

పోయింది. వరద తర్వాత రెండేళ్లు శాంతినగర్ దిక్కు సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయింది. సాయంత్రం మొగ్గ ఒలిచి, మర్నాడు పొద్దున పూత పూతకూ పుప్పొడి అద్దే పని. కండెలు చుట్టిన వేళ్లు గనుక చేను యజమానులు ఏరి పిలిచేవారట. ఇప్పుడు కోడలు పోతోంది. కోడలికి నేత రాదు, నేర్చుకుంటానని కూడా అనలేదు. కొడుకు హైదరాబాద్‌లో ఒక కొరియర్ కంపెనీలో ఉన్నాడు.

ఆ ఇద్దరి మధ్య వాదన నా ముందు తెగలేదు, తెగేది కూడా కాదు. ఇద్దరిలో ఎవరి మాట సబబని నన్నడిగితే ఇద్దరిదీ అంటాను. ఆమె భయం నిజం. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఆ ఇంటి గోడ మీద చార ఇంకా ఉంది. ఆయన పట్టుదలా నిజం. ఆ చేతులకు ఇంకో పని రాదు, వచ్చినా ఆ పని ఈ చేతుల్ని ఇంత గౌరవించదు. భయపడే మనిషీ, విడవలేని మనిషీ ఒకే కంచం దగ్గర కూర్చోవాల్సి రావడం వరద చేసింది కాదు. ఇల్లొక చోట, బతుకొక చోట పెట్టిన పథకం చేసింది. నాలుగు మగ్గాలు పట్టే మట్టినేల షెడ్డు ఒకటి, పడుగు చాపుకునే పొడవాటి ఖాళీ వీధి ఒకటి ఎత్తు మీద కట్టి ఉంటే వీళ్లు ఇన్నేళ్లూ రెండు ఊళ్ల మనుషులై ఉండేవాళ్లు కాదు. అందుకు పెద్ద డబ్బేమీ కాదు. కాలనీ గీత గీసేటప్పుడు ఒక నేతగాణ్ని పిలిచి కూర్చోబెట్టుకుంటే తెలిసేది. ఇప్పుడైనా కట్టొచ్చు. గుంటలో కూర్చోగలిగిన మనుషులు రాజోలిలో ఇంకా ఉన్నారు.

వెళ్లొస్తానని లేచాక ఆమె సందు చివరిదాకా వచ్చింది. కూతురి సంగతి అప్పుడు చెప్పింది.

"నా బిడ్డను ఏరు లేని ఊరికే ఇయ్యాలని పట్టుబట్టి అచ్చంపేట దిక్కు ఇస్తిమి సారూ. అందరూ నీళ్లున్న ఊరు జూసి పిల్లనిస్తరు, నేను నీళ్లు లేని ఊరు జూసిచ్చిన. అల్లునిది రెండెకరాలు. మూడు బోర్లేసిండు, మూడూ ఎండె. అప్పు నెత్తినబడె. ఇప్పుడు ఇద్దరూ పటాన్‌చెరు కాడ మేస్త్రీ కింద తట్ట మోస్తున్నరు. పిల్లలు నా దగ్గరనే ఉన్నరు, కాలనీ బడికి పోతరు."