థైరాయిడ్ రిపోర్టు: హైదరాబాద్ అంకె, లండన్ అంకె

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ల రక్త పరీక్ష కాగితంలో మొదట చూడవలసింది టీఎస్‌హెచ్. దీన్ని థైరాయిడ్ గ్రంథి తయారుచేయదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దానికి పంపే తాఖీదు ఇది. రక్తంలో ఆ గ్రంథి చేసే హార్మోను, థైరాక్సిన్ (టీ4), తగ్గితే తాఖీదుల జోరు పెరుగుతుంది, ఎక్కువైతే మందగిస్తుంది. అందుకే మాత్ర చాలనప్పుడు ఈ అంకె పైకి పోతుంది, మోతాదు మించినప్పుడు కిందికి దిగుతుంది. ఈ తిరకాసు తెలియక, టీఎస్‌హెచ్ 8 రాగానే ‘థైరాయిడ్ ఎక్కువైంది’ అనుకుని మాత్ర తగ్గించేసుకుంటే పరిస్థితి ఇంకా ముదురుతుంది. పెద్దవాళ్లలో మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4 వరకు, ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ. థైరాక్సిన్ కాస్త కదిలినా టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఊగుతుంది కాబట్టి 2.1 కాస్తా 2.9 అయినందుకు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ఈ కాగితాలు రెండు రకాలు. సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు ‘ఫుల్ బాడీ చెకప్’ పేరుతో చేయించుకున్నది ఒకటి, బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టరు (జీపీ) చేయించినది ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గుండె గుభేలుమంటుంది. టీఎస్‌హెచ్ వరకు పేచీ లేదు. మిల్లీలీటరుకి మైక్రో యూనిట్లన్నా, లీటరుకి మిల్లీ యూనిట్లన్నా అంకె ఒకటే. తేడా వచ్చేది ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్, దగ్గర. హైదరాబాద్ ల్యాబు డెసిలీటరుకి నానోగ్రాముల్లో 1.2 అని రాస్తే, బ్రిటన్ ల్యాబు అదే హార్మోనును లీటరుకి పికోమోళ్లలో 15.4 అంటుంది. మొదటిదాన్ని 12.87తో హెచ్చిస్తే రెండోది వస్తుంది. ఒకటి పదిహేనైందని అమ్మకి ఫోన్ చేసి కంగారు పెట్టేముందు యూనిట్ చూడాలి.

విటమిన్ డి సంగతి ఇంకా విచిత్రం. భారత్‌లో మిల్లీలీటరుకి నానోగ్రాములు, బ్రిటన్‌లో లీటరుకి నానోమోళ్లు. మొదటిదానికి రెండున్నర రెట్లు రెండోది. హైదరాబాద్‌లో 24 వస్తే, హద్దు 30 దగ్గర గీసుకున్న ల్యాబు దాన్ని తక్కువ కింద లెక్కగడుతుంది. అదే బ్రిటన్ లెక్కలో 60. అక్కడ 50 దాటితే చాలామందికి సరిపడా ఉన్నట్టే. ఒకే రక్తానికి ఒక దేశంలో లోటు, ఇంకో దేశంలో ఫరవాలేదు. అయితే చామనఛాయ ఒంటికి విటమిన్ డి తయారవడానికి ఎక్కువ ఎండ కావాలి. బ్రిటన్‌లో అక్టోబరు నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఉన్న ఎండ ఎవరికీ చాలదు. అందుకే ఎన్‌హెచ్‌ఎస్ ఆ నెలల్లో రోజుకి 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు, వేసుకోమంటుంది. దక్షిణాసియావాళ్లనైతే ఏడాది పొడవునా ఆలోచించమంటుంది. ఆవకాయ పక్కన సూట్‌కేసులో సర్దుకొచ్చే 60,000 యూనిట్ల సాచెట్ ఒక్కటి ఈ లెక్కన 150 రోజుల సరుకు. లోటు తీర్చడానికి డాక్టరు కొన్ని వారాలకి రాసిన మందది. పరీక్ష లేకుండా ఏళ్ల తరబడి వారంవారం తాగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తుంది.

రక్తం ఎప్పుడిచ్చారన్నదీ అంకెను మారుస్తుంది. ఒంట్లోని థైరాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. కాబట్టి మోతాదు మార్చాక కనీసం ఆరు వారాలైనా ఆగితే గానీ పరీక్షకి అర్థం లేదు. పొద్దున మాత్ర వేసుకున్నాక కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. రక్తమిచ్చాకే మాత్ర వేసుకుంటే ఆ గొడవ ఉండదు. నెలల తరబడి మాత్ర మరిచిపోయి, పరీక్ష ముందు వారం మాత్రం బుద్ధిగా వేసుకున్నవాళ్లని కాగితమే పట్టిస్తుంది: ఫ్రీ టీ4 బాగానే ఉంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం పాత బాకీ చూపిస్తుంది.

క్రమం తప్పకుండా వేసుకున్నా టీఎస్‌హెచ్ దిగకపోతే వంటింటి వైపు చూడాలి. పరగడుపున నీళ్లతో మాత్ర వేసుకుని, కాఫీకీ టిఫినుకీ అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం కావాలి. విటమిన్ డి మాత్రల్లో చాలావాటికి కాల్షియం తోడుంటుంది, డబ్బా మీది చిన్న అక్షరాలు చదవాలి.

జుట్టుకీ గోళ్లకీ అమ్మే బయోటిన్ మాత్రది వేరే మాయ. రోజుకి 30 మైక్రోగ్రాములు చాలినచోట ఆ మాత్రల్లో 5,000, 10,000 ఉంటాయి. ఒంట్లో హార్మోను మారదు, కొన్ని రకాల పరీక్ష యంత్రాలు మాత్రం మోసపోతాయి. టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించి, మోతాదు మించిపోయిందని డాక్టరు చేతనే అనిపిస్తాయి. ల్యాబు పరీక్షల మీద బయోటిన్ ప్రభావం గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపడం, వేసుకుంటున్నట్టు డాక్టరుకి చెప్పడం ఉత్తమం.

థైరాయిడ్ బాగానే ఉందని కాగితం చెబుతున్నా నీరసం, తిమ్మిర్లు, మతిమరుపు వదలకపోతే బీ12 చూడాలి. శాకాహారుల్లో అది సహజంగానే తక్కువ. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఇంకా తగ్గవచ్చు. పైగా 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో వర్ణించిన థైరాయిడ్ వాపు ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథి మీద తిరగబడడం వల్ల వస్తుంది. అలాంటివాళ్లలో కొందరికి కడుపులో బీ12ను పట్టించే పదార్థం కూడా ఇదే తీరులో దెబ్బతింటుంది. బీ12కీ యూనిట్ల పేచీ ఉంది: మిల్లీలీటరుకి 200 పికోగ్రాములంటే లీటరుకి సుమారు 148 పికోమోళ్లు. జుట్టు రాలుతుంటే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకోవాలి. యాంటీ టీపీఓ పరీక్ష థైరాయిడ్ జబ్బు కారణం చెబుతుందే కానీ మాత్ర మోతాదు దాన్ని బట్టి మారదు, ఏటేటా దానికి డబ్బు పోయనక్కర్లేదు.

గర్భం వచ్చిందని తెలియగానే, తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా డాక్టరుకి చెప్పాలి. థైరాక్సిన్ అవసరం తొలి వారాల్లోనే పెరుగుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న థైరాక్సిన్ సీసా అయిపోయి బ్రిటన్ డబ్బాకి మారినప్పుడు కూడా ఆరేడు వారాలకి టీఎస్‌హెచ్ చూసుకోవాలి. హైపోథైరాయిడిజంకి హార్మోను మాత్ర వాడేవాళ్లకి ఇంగ్లండులో మందుల చీటీ రుసుము ఉండదు. జీపీ దగ్గర ఎఫ్‌పీ92ఏ ఫారం అడిగి నింపిస్తే మినహాయింపు పత్రం వస్తుంది.