పేరు పెట్టి పిలుచుకుంటే

కిరాణా కొట్టు కట్టేసే ముందు షావుకారు చిట్టా ముందేసుకుని కూర్చుంటాడు. గల్లాపెట్టెలో రొక్కం ఎంత, అరువు కింద రాసింది ఎంత, సరుకు ఎంత కదిలింది అని చూసుకుంటాడు. లెక్క కుదరకపోతే ఏ పద్దు దగ్గర తప్పిందో వెతుకుతాడు. దొరికాక సరిచేసి, తాళం వేసి ఇంటికి వెళ్తాడు. ఒక్క పద్దు తప్పినందుకు తాను వ్యాపారానికే పనికిరానని తీర్మానించుకోడు. పొద్దున్నే మళ్ళీ కొట్టు తెరవాలి కదా.

రోజు గడిచాక మనల్ని మనం చూసుకోవడం కూడా ఇంత మామూలుగా, ఇంత నిబ్బరంగా జరగాలని నా నమ్మకం. మనిషి ఎదగడానికి వ్యక్తిత్వ వికాస శిబిరాలకు వెళ్ళి తీరాలని లేదు. రాత్రి పడుకునే ముందు కాసేపు తనతో తాను మాట్లాడుకోవడం చేతనైతే అంతకన్నా పెద్ద గురువు అక్కర్లేదు. ఎలా మాట్లాడుకోవాలన్నదే నేర్చుకోవలసిన విద్య. అది పుట్టుకతో వచ్చేది కాదు, సాధనతో వచ్చేది.

ఈ విద్య చాలా పాతది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోములో ఉన్న తత్వవేత్త సెనెకా కోపం గురించి ఒక గ్రంథం రాశాడు. దాని మూడో భాగంలో తన రాత్రి అలవాటును వివరించాడు. దీపం తీసేసేవారు. ఆయన అలవాటు తెలిసిన భార్య మాటలు ఆపేసేది. అప్పుడాయన ఆ రోజు తాను అన్నవీ చేసినవీ ఒక్కొక్కటే తలచుకునేవాడు. ఫలానా వాదంలో అవసరానికి మించి వేడిగా మాట్లాడావు. ఫలానా మనిషిని మందలించిన తీరు బాగాలేదు, అతను మారలేదు సరికదా నొచ్చుకున్నాడు. ఇలా ఏదీ దాచకుండా తనకు తాను చెప్పుకుని, ఈసారికి మన్నిస్తున్నాను, మళ్ళీ చేయవద్దు అని ముగించేవాడు. సెక్స్టియస్ అనే తత్వవేత్తకు ఈ అలవాటు ఉండేదని ఆయనే చెప్పాడు. ఆ తర్వాత పట్టే నిద్ర ఎంత హాయిగా ఉంటుందో కూడా రాశాడు.

ఆయన ఆ రోజు అన్న మాటను పట్టుకున్నాడు కానీ తన పుట్టుకను తిట్టుకోలేదు. మన్నించాడు కానీ ఊరికే వదిలేయలేదు. ఈ రెండూ కలిసి ఉండడం ఎంత అరుదో మన ఇళ్ళలో చూస్తూనే ఉంటాం. తనను తాను వెనకేసుకొచ్చే మనిషి ఎప్పటికీ మారడు. తనను తాను చీల్చి చెండాడుకునే మనిషి అలసిపోతాడు, ఆ అలసటలో రేపు కూడా అదే పని చేస్తాడు. తప్పును తప్పుగా చూసి, చేసిన మనిషిని మాత్రం దగ్గరికి తీసుకోగలగడంలోనే ఎదుగుదల మొదలవుతుంది.

ఆత్మపరిశీలన అనుకుంటూ మనం చేసేది చాలాసార్లు కుమిలిపోవడమే. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి. రెండింటిలోనూ మనిషి మౌనంగా పైకప్పు చూస్తూ పడుకునే ఉంటాడు. కానీ ఫలితం వేరు. 1989 అక్టోబర్ 17న ఉత్తర కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా ఒక అధ్యయనంలో భాగంగా, దిగులు కలిగినప్పుడు మీరేం చేస్తారని అక్కడి విద్యార్థులను అడిగి ఉన్నారు. భూకంపం తర్వాత మళ్ళీ వాళ్ళను పలకరిస్తే, తమ దిగులు చుట్టూనే తిరుగుతూ ఉండే అలవాటున్నవాళ్ళలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. వారాలు గడిచాక చూసినా అదే తీరు. బాధ గురించి ఎంతసేపు ఆలోచించామన్నది మనల్ని గట్టెక్కించదు. ఆ ఆలోచన ఎటు వెళ్తోందో చూసుకోవాలి.

అడిగే ప్రశ్నను బట్టి ఆ దారి తెలిసిపోతుంది. 'నాకే ఎందుకిలా జరుగుతుంది? నేనెందుకిలా తయారయ్యాను?' అని అడిగితే మనసు గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది. 'ఏం జరిగింది? దానికి ముందు ఏమైంది? మళ్ళీ అలాంటి ఘడియ వస్తే ఏం చేస్తాను?' అని అడిగితే ఒక అడుగైనా ముందుకు పడుతుంది.

ప్రశ్న ఒక్కటే కాదు, అడిగే గొంతు కూడా ముఖ్యం. ఈ సంగతి మన తెలుగు కవులకు బాగా తెలుసు. 1829లో సి.పి. బ్రౌన్ అచ్చువేయించినప్పటి నుంచి పుస్తకాల్లోనూ, అంతకు ఎంతో ముందు నుంచి జనం నోళ్ళలోనూ ఉన్న వేమన పద్యాలను చూడండి. దాదాపు ప్రతి పద్యం చివరా కవి వినమని పిలిచేది తన పేరునే. లోకానికి చెప్పదలచుకున్న కటువైన మాటలన్నీ ముందు తన చెవిన వేసుకున్నాడు. తిరువయ్యారులో జీవించిన త్యాగరాజు (1767–1847) కీర్తనల్లో ఎన్నో నేరుగా తన మనసును పిలిచి మాట్లాడేవే. ఒకచోట దాన్ని బతిమాలతాడు, ఇంకోచోట గద్దిస్తాడు, మరోచోట చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నచ్చజెబుతాడు. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ కూడా తనకోసం గ్రీకులో రాసుకున్న పుస్తకంలో తనను 'నువ్వు' అనే సంబోధించుకున్నాడు. పొద్దున్నే పక్క మీద నుంచి లేవబుద్ధి కానప్పుడు తనకు తాను ఏం చెప్పుకోవాలో కూడా అందులో ఉంది. అంత పెద్ద సామ్రాజ్యాన్ని ఏలినవాడికి కూడా తనను తాను నిద్రలేపుకోవలసిన అవసరం వచ్చింది.

మనస్తత్వ శాస్త్రం ఈ మధ్యనే ఈ విషయాన్ని ప్రయోగాలు చేసి చూసింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలోని ఈథన్ క్రాస్, ఆయన సహచరులు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. నలుగురి ముందు ప్రసంగించాల్సి రావడం వంటి గాభరా పుట్టించే పనికి ముందు కొందరిని 'నేను' అని, కొందరిని తమ పేరుతోనో 'నువ్వు' అనో తమలో తాము మాట్లాడుకోమన్నారు. పేరుతో పిలుచుకున్నవాళ్ళు తక్కువ కంగారు పడ్డారు, మెరుగ్గా మాట్లాడారు, అయిపోయాక దాని గురించి తక్కువ మథనపడ్డారు. పేరు పెట్టి పిలవగానే మనం మన కష్టం నుంచి ఒక అడుగు పక్కకు జరిగి నిలబడతాం. ఎదుటివాడి కష్టానికి మన దగ్గర ఎప్పుడూ మంచి సలహా ఉంటుంది. ఆ సలహా మనకూ అందాలంటే మనల్ని కాసేపు ఎదుట కూర్చోబెట్టుకోవాలి.

నా నోటుబుక్కులో నేను ప్రతి రాత్రీ 'నాన్నా' అని మొదలుపెడతాను. మా అమ్మమ్మ నన్ను అలాగే పిలిచేది. ఆ పిలుపుతో మొదలుపెట్టాక తర్వాతి వాక్యం కర్కశంగా రాయడానికి చేయి రాదు. అబద్ధం రాయడానికీ రాదు. తల్లీ, కన్నా, బుజ్జీ, చిన్నోడా అంటూ మనల్ని ప్రేమించినవాళ్ళు పిలిచిన పిలుపు ఒకటి ప్రతివాళ్ళకూ ఉంటుంది. ఆఫీసు రికార్డుల్లో ఉన్న పేరు కన్నా ఈ పనికి ఆ పిలుపే మేలు.

ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే టీచరుగారిని ఊహించుకుందాం. ఎనిమిదో తరగతి, చివరి పీరియడు. హోంవర్క్ చేయకుండా వచ్చిన పిల్లాడి మీద క్లాసంతా బిత్తరపోయేలా అరిచారు. రాత్రి ఆ సంగతి గుర్తొచ్చింది. 'నేను మంచి టీచర్ని కాదేమో' అనుకుంటే అక్కడితో దారి మూసుకుపోతుంది. అందుకని 'తల్లీ, అరవడానికి ముందు ఏమైంది?' అని తనను తాను అడుగుతారు. మధ్యాహ్నం ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించే పనితో అన్నం తినలేదు. పై క్లాసులో గోలకు గొంతు అప్పటికే పోయింది. పిల్లాడు తల దించుకుని నిలబడితే అది మొండితనమనిపించింది. ఇలా జరిగింది జరిగినట్టు రాస్తూ పోతే, మార్చుకోగలిగేది ఏదో దానంతట అదే బయటపడుతుంది. అది చాలాసార్లు స్వభావం కాదు, ఆకలి. లేదా అలసట. లేదా ఒక తప్పుడు ఊహ.

తీర్పు చెప్పకుండా చూడడంలోనే ఎంతో దిద్దుబాటు ఉందని అమెరికాలో టెన్నిస్ నేర్పిన తిమోతీ గాల్వే కనిపెట్టారు. 1974లో వచ్చిన ఆయన పుస్తకం 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్' ఈనాటి కోచింగ్ పద్ధతులకు ఒక మూలం. ఆటగాడి లోపల ఇద్దరుంటారని ఆయన అంటారు. ఒకరు ఆజ్ఞలు ఇచ్చి తప్పులెంచేవారు, రెండోవారు నిజంగా ఆడేవారు. మొదటివారి గోల ఎంత తగ్గితే రెండోవారు అంత బాగా ఆడతారు. అందుకని ఆయన ఆటగాళ్ళకు చిన్న పని ఒకటి అప్పగించేవారు. బంతి నేల మీద పడినప్పుడు ఒక మాట, రాకెట్‌కు తగిలినప్పుడు ఒక మాట పైకి అనమనేవారు, అంతే. చూపు బంతి మీద నిలిచేది, దెబ్బ దానంతట అదే కుదిరేది. రాత్రి నోటుబుక్కు ముందు మనం చేయవలసిందీ ఇదే. బంతి ఎక్కడ పడిందో చూడాలి. ఎవరు ఓడారో తేల్చడానికి తొందరపడకూడదు.

అన్నీ ఒకేసారి దిద్దుకోవాలనే ఆరాటం ఇంకో చిక్కు. కొత్త సంవత్సరం రోజున రాసుకునే పొడవైన జాబితాలు సంక్రాంతి దాకా నిలవవు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ యౌవనంలో ఈ చిక్కును చక్కగా విప్పుకున్నాడు. పన్నెండు సుగుణాలు రాసుకున్నాడు. నీకు గర్వం ఉందని స్నేహితుడొకరు చెప్పడంతో వినయాన్ని పదమూడోదిగా చేర్చాడు. వారానికి ఒక్కదాని మీదే దృష్టి పెట్టాడు. 13 వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. చిన్న పుస్తకంలో వారం రోజులకూ గళ్ళు గీసి, తప్పిన రోజున నల్లచుక్క పెట్టుకునేవాడు. చుక్కలు చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడితే, తడి స్పాంజితో తుడిచేందుకు వీలుగా దంతపు రేకుల మీదికి మార్చుకున్నాడు. వస్తువులను ఎక్కడివక్కడ సర్దుకోవడమన్నది ఆయనకు చివరిదాకా సరిగా పట్టుబడలేదు. అనుకున్నదాని కన్నా తనలో లోపాలు ఎక్కువున్నాయని తెలిసి ఆశ్చర్యపోయానని, అవి తగ్గుతూ రావడం చూసి తృప్తి పడ్డానని ఆత్మకథలో రాశాడు. సంపూర్ణుణ్ణి కాలేకపోయినా ప్రయత్నించకపోతే ఉండేవాడికన్నా మంచివాణ్ణయ్యానని చెప్పుకున్నాడు. పట్టుదల ఉన్న మనిషి ఆశించదగ్గ ఫలితం అదే.

చూసుకోవడం అయ్యాక ఒక్క నిర్ణయం కావాలి. అది గాలిలో ఉండకూడదు. 'ఇకనుంచి ఓపికగా ఉంటాను' అనే వాక్యం పొద్దున్నకు ఆవిరైపోతుంది. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ దశాబ్దాల పాటు దీని మీద పరిశోధించారు. ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తానని ముందే ముడివేసుకున్నవాళ్ళు, ఊరికే లక్ష్యం పెట్టుకున్నవాళ్ళ కన్నా ఎక్కువగా అనుకున్నది చేస్తారని ఆయన చూపించారు. మన టీచరుగారు రాసుకోవలసింది ఇలా ఉంటుంది: 'హోంవర్క్ తేని పిల్లాడు కనబడితే ముందు వాడి బెంచీ దగ్గరికి నడుస్తాను, అక్కడికి వెళ్ళాకే నోరు తెరుస్తాను.' పిల్లాడి దగ్గర నిలబడి ఎవరూ అంత గట్టిగా అరవలేరు. అలాగే, 'మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ముందు క్యారేజీ విప్పుతాను, కంప్యూటరు తర్వాత.' ఇంత చిన్న వాక్యం రాసుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు. చిన్నదైతేనే చేతికి అందుతుంది.

బాగా జరిగినవి కూడా తప్పక రాసుకోవాలి. మనం పెరిగిన ఇళ్ళలో పిల్లల్ని ముఖం మీద మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని భయం. ఆ భయం పెద్దయ్యాక మనలోనే ఉండిపోతుంది. పొద్దున బస్సులో ఒక పెద్దాయనకు సీటిచ్చాం. అత్తగారి మందులు గుర్తుపెట్టుకుని తెచ్చాం. వాదన పెరగకముందే ఒక మాట మింగేశాం. వీటిని లెక్కలోకి తీసుకోకపోతే ఆ లెక్క తప్పు. పైగా మనం ఒకసారి చేయగలిగాం అన్న రుజువు అందులోనే ఉంటుంది. రేపటికి ధైర్యం ఆ రుజువు నుంచే వస్తుంది.

కొన్ని భారాలు మాత్రం ఇలా దిగవు. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వారాల తరబడి సాగితే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా, నోటుబుక్కు చాలదు. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ సేవలో 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. తనను ప్రేమించే మనిషి తనకోసం సాయం అడగడానికి వెనుకాడడు.

మిగతా రోజులకు పది నిమిషాలు, ఒక నోటుబుక్కు, ప్రేమగా పిలిచే ఒక పిలుపు చాలు. ఏం జరిగింది, దానికి ముందు ఏమైంది, బాగా చేసిందేమిటి, మళ్ళీ ఆ ఘడియ వస్తే ఏం చేస్తావు, ఈ నాలుగూ అడిగి మూసేయవచ్చు. ఫలితం కోసం పాత పేజీలు తిరగేయనక్కర్లేదు. అది ముందుగా తెలిసేది మన చుట్టూ ఉన్నవాళ్ళకు. బడిలో తల దించుకున్న పిల్లాడు లెక్క అర్థం కాలేదని తనంతట తానే టీచరుగారి దగ్గరికి వచ్చి చెబుతాడు. ఇంట్లో మన అడుగుల చప్పుడు వినగానే పిల్లలు టీవీ కట్టేయడం మానేస్తారు. మనతో ఉండడం వాళ్ళకు తేలికవుతుంది. ఎదుగుదలకు అంతకన్నా గట్టి కొలత నాకు తెలియదు. దానికోసం ప్రతి రాత్రీ కూర్చోవడం ఏమాత్రం వృథా కాదు.