తలకు నూనె, మనసుకు నెమ్మది

గత ఫిబ్రవరిలో ఒక ఉదయం మా ఆరేళ్ల అబ్బాయికి తల దువ్వుదామని చేయి ఎత్తాను. వాడు చప్పున తల వెనక్కి లాక్కుని, మోచేతిని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. హోంవర్కు పుస్తకం మీద పాలు ఒలకబోశాడని క్రితం సాయంత్రం వాణ్ణి కొట్టిన చేయి అదే. మళ్లీ కొట్టబోతున్నానని వాడు భయపడ్డాడు. దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బిడ్డను దగ్గరకు తీసుకోవలసిన చేతిని చూసి బిడ్డే బెదిరిపోయే స్థితికి నేను ఎప్పుడు వచ్చాను?

ఆ రోజుల్లో నా దినచర్య ఇలా ఉండేది. ఫజ్ర్‌కు ముందే లేచి వంట, పిల్లల టిఫిన్లు, ఆపైన బస్సు పట్టుకుని నేను పాఠాలు చెప్పే బడికి. పరీక్షలు దగ్గరపడిన కాలం. సాయంత్రం ఇల్లు చేరేసరికి పక్షవాతంతో మంచం పట్టిన మామగారి మందులు, పిల్లల చదువులు, మళ్లీ వంట. నమాజులు తప్పలేదు. అయితే రుకూలో ఉండగా ఇంటి అప్పు వాయిదా గుర్తుకొచ్చేది, సజ్దాలో ఉండగా పొయ్యి మీది పాలు గుర్తుకొచ్చేవి. మెడ నుంచి భుజాల దాకా రాయిలా బిగుసుకుపోయేది. నుదుటి చుట్టూ తాడు బిగించినట్టు తలనొప్పి. మాత్ర వేసుకుని పని కొనసాగించేదాన్ని. ఆసుపత్రిలో చూపించుకుంటే రక్తపోటు బాగానే ఉందనీ, ఎడతెగని ఒత్తిడి వల్ల మెడ కండరాలు పట్టేశాయనీ డాక్టరమ్మ చెప్పారు.

దువ్వెన సంగతి మా అత్తగారు గుమ్మంలోంచి చూశారు. అప్పుడు ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి ఇషా నమాజు అయ్యాక, చిన్న గిన్నెలో నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, పీట లాగి, “ఇలా కూర్చో బేటీ” అన్నారు. గిన్నెలు కడగాలి అమ్మీ అన్నాను. “గిన్నెలు ఎక్కడికీ పారిపోవులే” అన్నారు.

ముందు మాడు మీద నూనె అద్దారు. వేళ్ల కొనలతో నెమ్మదిగా కుదుళ్లు కదిలించారు. కణతల దగ్గర చిన్న చిన్న సున్నాలు చుట్టారు. తర్వాత బొటనవేళ్లతో మెడ వెనుక నుంచి భుజాల దాకా ఒత్తుకుంటూ వచ్చారు. గట్టిపడ్డ చోట ఆగి, నేను ఊపిరి వదిలేదాకా అక్కడే అదిమి పట్టారు. పావుగంట గడిచిందేమో, కన్నీళ్లు వాటంతట అవే కారిపోయాయి. ఆవిడ చేతులు ఆపలేదు. చివరికి ఇంతే అన్నారు: “పని తగ్గదు బేటీ. పని చేసే మనిషి తరిగిపోకుండా చూసుకోవాలి.”

ఆ మాట నన్ను చాలా దూరం నడిపించింది. మన ఇళ్లలోని ఈ తలంటు పెద్దలు తోచినట్టు చేస్తూ వచ్చిన పని కాదు. యునానీ వైద్యంలో మర్దనాన్ని ‘దల్క్’ అంటారు. మందు లేకుండా జీవన విధానం ద్వారా చేసే చికిత్సలలో, అంటే ‘ఇలాజ్ బిత్ తద్‌బీర్’లో, హమ్మాం, వ్యాయామాలతో పాటు దానికీ స్థానం ఉంది. 1037లో మరణించిన ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో మర్దనం గురించి ప్రత్యేకంగా రాశారు. గట్టి మర్దనం దేహాన్ని బిగువెక్కిస్తుందనీ, మృదువైన మర్దనం సడలిస్తుందనీ వివరించి, వ్యాయామం తరువాత అలసట తీరడానికి వేరొక మర్దనం చెప్పారు. అంతకు ముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, దేహానికి ఉన్నట్టే మనసుకూ జబ్బులుంటాయనీ, రెండూ ఒకదానినొకటి బాధిస్తాయనీ ఒక గ్రంథమే రచించారు. ఆందోళన, కోపం, దుఃఖం వేటికవే వేరని ఆయన విడదీసి చూపారు.

నేటి వైద్యులు చెప్పేదీ దీనికి దూరమైనది కాదు. ఒత్తిడి కలిగినప్పుడు దేహం ఆపదను ఎదుర్కోవడానికి సిద్ధపడుతుంది. అడ్రినలిన్, కార్టిసోల్ హార్మోన్లు విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. ఆపద తొలగగానే ఇవన్నీ సద్దుమణగాలి. రోజంతా చింతే అయితే దేహానికి ఆ విరామం దొరకదు. మెల్లని స్పర్శ, నిదానమైన శ్వాస ఆ విరామాన్ని కొంతసేపైనా ఇస్తాయి.

మర్దనం నాకు తలుపు మాత్రమే తెరిచింది. లోపలికి నడవవలసింది నేనే. ఆ వారంలో ఒక హదీసు మళ్లీ చదివాను. తిరుగలి తిప్పి తిప్పి చేతులు కాయలు కాసిన హజ్రత్ ఫాతిమా (రజి), పనిమనిషి కావాలని తండ్రి ఇంటికి వెళ్లారు. దైవప్రవక్త (స) ఆ రాత్రి స్వయంగా వారింటికి వచ్చి, పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పలకమని, పనిమనిషి కంటే అది మేలని బోధించారు. చిన్నప్పటి నుంచీ తెలిసిన ఈ సంఘటనను, నా అరచేతులు చూసుకుంటూ మొదటిసారి చదివాను. ఇంటి చాకిరీతో అలసిన స్త్రీ మొర ఆ ఇంట్లో చిన్న విషయం కాలేదు.

ఆనాటి నుంచి కొన్ని అలవాట్లు చేసుకున్నాను. కోపం వస్తే నిలబడినవారు కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని ప్రవక్త (స) చెప్పిన ఉపాయాన్ని పాటిస్తున్నాను. కూర్చున్న చేయి అంత తొందరగా లేవదు. వుజూను హడావిడిగా ముగించకుండా నీటి చల్లదనం తెలిసేలా చేస్తున్నాను. సలాం చెప్పగానే ముసల్లా మడిచేయకుండా అయిదు నిమిషాలు నిదానంగా శ్వాస తీస్తూ జిక్ర్ చేస్తున్నాను. అస్ర్ తర్వాత మేడ మీద పావుగంట నడుస్తున్నాను. పడక దగ్గరకు ఫోను తీసుకెళ్లడం మానేశాను.

అన్నింటికన్నా కష్టమైనది మావారితో నోరు తెరిచి చెప్పడం. నాకు ఈ బరువు మోయడం చేతకావడం లేదన్నాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, మామగారి మందులు, పిల్లల హోంవర్కు ఇకపై తన బాధ్యత అన్నారు. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. బరువు పంచుకోని ఇంట్లో ఎన్ని గిన్నెల నూనె రాసినా లాభం ఉండదు.

సోదరీమణులకు కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. జ్వరం ఉన్నప్పుడు, దెబ్బలు, వాపు ఉన్నచోట మర్దనం చేయకండి. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెడితే రుద్దకుండా వైద్యులకు చూపించండి. గర్భిణులు, ఎముకలు బలహీనపడిన వృద్ధులు ముందుగా వైద్యుల సలహా తీసుకోవాలి. మర్దనం చేయించుకునేటప్పుడు సతర్ హద్దులు మరువకూడదు. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటినా, బతుకు మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. అది విశ్వాస లోపం కాదు. చికిత్స చేయించుకోమన్నది కూడా ప్రవక్త (స) ఆదేశమే.

ఇక నన్ను ఇప్పటికీ సిగ్గుపడేలా చేసే విషయం ఒకటుంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నా తల మీద చేయి పెట్టిన అత్తగారి పాదాలకు నేను ఒక్కసారీ నూనె రాయలేదు. మంచం పట్టిన భర్తను ఎత్తి దించే ఆవిడ నడుము ఎంత నొప్పెడుతుందో అడగలేదు. ఇప్పుడు జుమా ముందటి రాత్రి ఆవిడ మోకాళ్లకు, పాదాలకు నేనే నూనె రాస్తున్నాను. మొదట వద్దన్నారు, కాళ్లు ముడుచుకున్నారు. తర్వాత కళ్లు మూసుకుని దుఆ చేశారు.

మా అబ్బాయిని క్షమించమని అడిగాను. “సరే అమ్మీ” అన్నాడు. అయినా వాడి మోచేయి నన్ను మరిచిపోవడానికి కొన్ని వారాలు పట్టింది. మొన్న వాడే నూనె గిన్నె తెచ్చి, “దాదీ అయిపోయింది, ఇక నాకు” అంటూ నా ముందు కూర్చున్నాడు. చేయి ఎత్తాను. వాడు కదల్లేదు. అల్‌హమ్దులిల్లాహ్.