అవధానానికొక వేళ

అష్టావధాన సభలు చూసినవారికి ఘంటాగణనం, అప్రస్తుత ప్రసంగం పరిచయమైన అంశాలే. పృచ్ఛకులలో ఒకరు నడుమనడుమ గంట కొడుతుంటారు. మొత్తం ఎన్ని కొట్టారో అవధాని చివర చెప్పాలి. మరొకరు పద్యపూరణ సాగుతుండగానే సంబంధం లేని ప్రశ్నలతో ఏకాగ్రతను చెదరగొట్టాలని చూస్తారు. అయితే ఆ సభకు సంచాలకుడొకరుంటారు. ఆరంభమూ ముగింపూ ఉంటాయి. ఇంట కూర్చొని పనిచేసుకొనేవారికి చేతిలోని ఫోనే ఘంటాగణనం, అదే అప్రస్తుత ప్రసంగం. సంచాలకుడు మాత్రం లేడు.

తెలుగు పండితునిగా పదవీవిరమణ చేసిన తరువాత నేను ఇంటినుండే పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. అందులో పద్యకావ్యాలే ఎక్కువ. అరసున్న ఉంటే 'ఏఁడు' సంవత్సరం, లేకుంటే 'ఏడు' సంఖ్య. 'కరి' ఏనుగు, 'కఱి' నలుపు. యతిప్రాసలు సరిచూసుకొంటూ నాలుగో పాదానికి చేరేసరికి వాట్సాప్ మ్రోగిందా, చూపు అక్షరం మీదనే ఉన్నా మనసు అక్కడ ఉండదు. మళ్ళీ మొదటి పాదం నుండి రావలసిందే.

అమెరికాలోని తెలుగు రచయితలతో మరొక చిక్కు. అక్కడి తూర్పు తీరంలో వేసవిన రాత్రి తొమ్మిదైతే మనకు మరునాటి ఉదయం ఆరున్నర. వారు భోజనం ముగించి, "మాస్టారూ, ముఖచిత్రం చూశారా?" అని తీరికగా అడిగే వేళే నా బుద్ధి తేటగా ఉండే వేళ.

అందుకని పని ఒప్పుకొన్న రోజుననే నాలుగు మాటలు వ్రాసి పంపుతున్నాను. ఉదయం ఆరు నుండి తొమ్మిదిన్నర వరకు నా ఫోను పక్కగదిలో ఉంటుంది. సందేశాలకు పదకొండింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి జవాబిస్తాను. మార్పులుచేర్పులు ముక్కలుముక్కలుగా కాక, అన్నీ కలిపి ఒకే మెయిలులో పంపండి. అచ్చు ఆగిపోయేంత అవసరమైతే మా యింటావిడ నంబరుకు ఫోను చేయండి. రెండేళ్ళలో ఆ నంబరు ఇందుకోసం మూడుసార్లే మ్రోగింది.

ఒక కవిగారు మాత్రం నొచ్చుకొన్నారు. "ఇంటిపట్టునే ఉంటారు గదా, ఒక్క నిమిషం మాట్లాడితే ఏమండీ?" అని, తమ శతకాన్ని వేరొకరి చేతికిచ్చారు. పింఛనుకు తోడయ్యే ఆ సొమ్ము రాకపోవడం మాకు చిన్న సంగతి కాదు. అయినా నియమం సడలించలేదు. ఆలస్యమైన జవాబును సాయంత్రానికి అందరూ మరచిపోతారు. అచ్చులో మిగిలిన తప్పు పుస్తకం ఉన్నంతకాలం ఉంటుంది.

పనివేళలు దాటాక వచ్చే సందేశాలకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్సులో 2017 నుండి, ఆస్ట్రేలియాలో 2024 నుండి ఉద్యోగుల విషయంలో చట్టం గుర్తిస్తున్నది. స్వతంత్రంగా పనిచేసేవారికి అటువంటి అండ లేదు. మన వేళను మనమే, ముందుగానే, మర్యాదగా చెప్పుకోవాలి. చెప్పకుండా ఊరకుంటే ఎదుటివారికి అది నిర్లక్ష్యంగా తోస్తుంది. జవాబు ఎప్పుడు వస్తుందో తెలిసినవారు నిశ్చింతగా ఎదురుచూస్తారు. ఆటల గంట ఎప్పుడో తెలిసిన పిల్లలు పాఠం కుదురుగా వినడం బడిలో ఎన్ని ఏండ్లు చూడలేదు!