వుడ్‌లాండ్స్ క్యూలో కాశ్మీరం

మొన్న అమ్మ పంపిన పార్సిల్లో ఆవకాయ సీసాకి ఆనుకుని విశ్వనాథ సత్యనారాయణ గారి 'యశోవతి' వచ్చింది. అట్ట మీద అప్పుడే నూనె మరక. ఆయన కాశ్మీర రాజవంశ నవలలు ఆరింటిలో ఇదొకటి. (నేపాళానివి ఇంకో ఆరు. ఓపికకి దండం.)

శనివారం వుడ్‌లాండ్స్ చెక్‌పాయింట్ క్యూలో మొదలుపెట్టాను. డ్రైవింగ్ మా ఆవిడది. మా సింగపూర్‌కి ఉత్తర సరిహద్దు ఇదే మరి: 1924లో తెరిచిన కాజ్‌వే, కిలోమీటరు చిల్లర, అవతల జొహోర్ బహ్రు. ఇక్కడి కారైతే ట్యాంకు ముప్పాతిక నిండి ఉండాలి, లేకపోతే వెనక్కే. అవతల పెట్రోలు చవక కదా!

చేతిలో ఉన్న పుస్తకంలోని సరిహద్దు వేరు. 12వ శతాబ్దంలో కల్హణుడు తన కాశ్మీర రాజుల చరిత్ర 'రాజతరంగిణి'లో చెప్పిన కథ అది. కాశ్మీర రాజు గోనందుడు జరాసంధుడి తరఫున మథుర మీదికి వెళ్లి బలరాముడి చేతిలో పోయాడు. పగ తీర్చుకోబోయిన కొడుకు దామోదరుణ్ణి కృష్ణుడు చంపాడు. చంపి, గర్భవతిగా ఉన్న అతని భార్య యశోవతికి పట్టం కట్టించాడు. మొగుణ్ణి చంపినవాడే సింహాసనం ఎక్కిస్తే, ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టి ఉంటుందా? కల్హణుడు కొద్ది శ్లోకాల్లో దాటేశాడు. విశ్వనాథ ఆవిడ పేరే నవలకి పెట్టారు. కాలగణనలో ఆయన, పురాణాలను బట్టి తేదీలు కట్టిన కోట వెంకటాచలం గారి లెక్కనే నమ్ముకున్నారు, అక్కడ నాకు పేచీ ఉంది. కథ చెప్పే ఒడుపుతో మాత్రం లేదు.

వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"కాశ్మీరం తర్వాత, ముందు పాస్‌పోర్టులు తియ్యండి" అంది మా ఆవిడ.